ఆకాశంలో అక్రమ కట్టడం

ఆకాశంలో అక్రమ కట్టడం వెలిసిందని ప్రభుత్వం నోటీసు జారీ చేసేదాకా, కరికొండ మీద ఒక అబ్జర్వేటరీ ఉందన్న సంగతి మా జిల్లాలోనే చాలామందికి తెలియదు. కింద ఊళ్ళవాళ్ళు దాన్ని గుండు బంగళా అంటారు. కొండ మీద తెల్లగా, నున్నగా, గుండు కొట్టించుకున్న తలలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. లోపల ఒక పెద్ద దుర్భిణి, దానికి బిగించిన కెమెరా ఉన్నాయి. ఆ కెమెరాతో డాక్టర్ షమీమున్నిసా గారు గెలాక్సీలకు ఫోటోలు తీస్తారు. ఆ ఫోటోలు బాగున్నాయని గానీ బాగాలేవని గానీ ప్రభుత్వం ఏనాడూ అనలేదు. నేను అక్కడ ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే సీనియర్ అసిస్టెంటును, నా పేరు రంగధామం. నేనూ ఏమీ అనలేదు.

అలా అందరం ఎవరి మానాన వాళ్ళం బతుకుతున్న రోజుల్లో ‘ఆస్తి మనది, ఫోటో మనది’ అనే పథకం వచ్చింది.

పథకం వెనక ఉద్దేశం మంచిదే. చెరువులు పూడ్చి ఇళ్ళు కడుతున్నారు. స్కూలు స్థలాల్లో కల్యాణమండపాలు లేపుతున్నారు. కాబట్టి ప్రతి శాఖా తన అధీనంలో ఉన్న ప్రతి ఆస్తికీ నెలకోసారి ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. ఫోటోలో ఆస్తి పక్కన బాధ్యుడైన అధికారి నిలబడి ఉండాలి. యాప్ ఆ ఫోటోను పోయిన నెల ఫోటోతో పోల్చి చూస్తుంది. కొత్తగా ఏదైనా లేచినట్టు కనిపిస్తే ఆక్రమణ నోటీసు దానంతటదే తయారవుతుంది. మనిషి ప్రమేయం ఉండదు కాబట్టి అవినీతికి తావులేదని సర్క్యులర్‌లో రాశారు. ఆలోచనకు కూడా తావులేదని రాయలేదు గానీ, చదివినవాళ్ళకు అర్థమవుతుంది.

సర్క్యులర్ చివర చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఆస్తులు మరీ తక్కువగా ఉన్న ఆఫీసులను పొరుగు శాఖల్లో విలీనం చేస్తారట. మాకున్నవి గుండు, దుర్భిణి, కదలని జీపు, కదిలితే ఆగని జనరేటరు, నీళ్ళ ట్యాంకు. మా పొరుగున కొండ దిగగానే ఉన్నది పట్టుపరిశ్రమ శాఖ.

మా డైరెక్టరు ఓబుళరెడ్డి గారు ఆ కాగితం చదివి కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది.

“పట్టుపురుగుల్లో కలిపేస్తారంట రంగధామం. ఈ వయసులో పోయి నేను మల్బరీ ఆకు కోయల్లా?”

“ఆస్తులు తక్కువున్నాయి సార్. ఏం చేస్తాం?”

ఆయన కాసేపు కిటికీలోంచి ఆకాశం వైపు చూశారు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. “ఏమప్పా, మనం ఫోటోలు తీసే గెలాక్సీలుండాయి గదా! వాటిని ఇంకే శాఖన్నా చూస్తాండాదా?”

“చూడడం లేదు సార్.”

“అట్లయితే మనవే. రాయి.”

రాశాను. ఆరువందల చిల్లర గెలాక్సీలు మా ఆఫీసు ఆస్తులుగా యాప్‌లోకి ఎక్కాయి. మరుసటి నెల రాష్ట్రం మొత్తమ్మీద విస్తీర్ణంలో మా ఆఫీసు మొదటి స్థానంలో నిలిచింది. రెండో స్థానానికి పడిపోయిన అటవీశాఖవాళ్ళు నిరసన తెలుపుతూ ఉత్తరం రాశారు. విలీనం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఓబుళరెడ్డి గారు అందరికీ మైసూర్‌పాక్ పంచారు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఒక్కో గెలాక్సీకీ నాలుగు వైపులా సరిహద్దులేమిటో, ఎవరి భూమి ఆనుకుని ఉందో చెక్కుబందీ పంపమన్నారు. షమీమ్ మేడం ‘నాలుగు దిక్కులా ఏమీ లేదు’ అని రాసిచ్చారు. ఏమీ లేని చోటును రెవెన్యూ భాషలో పోరంబోకు అంటారు గనక, విశ్వంలో మిగతాదంతా ప్రభుత్వ పోరంబోకు కింద నమోదైంది. అది కూడా మా ఖాతాలోనే పడింది.

ఇక ఫోటోలో అధికారి నిలబడే విషయం. గెలాక్సీ పక్కన నిలబడడం ఓబుళరెడ్డి గారికి మోకాళ్ళ నొప్పుల వల్లనే కాక ఇతర కారణాల వల్ల కూడా కుదిరేది కాదు. కాబట్టి మీటింగు హాల్లో తెల్లటి తెర కట్టి, మేడం తీసిన ఫోటోను ప్రొజెక్టరుతో దాని మీద వేసి, పక్కన ఆయన్ను నిలబెట్టి మళ్ళీ ఫోటో తీశాం. మొదటి నెల యాప్ ఒప్పుకోలేదు. సుడి తిరిగిన ఒక అందమైన గెలాక్సీ అంచున లావుపాటి నిర్మాణమొకటి ఉందని నోటీసు పంపింది. అది మా డైరెక్టరు గారి పొట్ట. రెండో నెల నుంచి ఆయన ఊపిరి బిగబట్టి, ఓ పక్కకు ఒదిగి నిలబడేవారు. ప్రతి నెలా మొదటి వారమంతా ఆయనకు అదే పని. నున్నటి నెత్తి మీద ఒకదాని తర్వాత ఒకటి గెలాక్సీలు తిరిగి పోతుంటే, ఆయన అటెన్షన్‌లో నిలబడి కళ్ళు మూసుకునేవారు.

ఇంతకూ షమీమ్ మేడం అన్నేసి ఫోటోలు ఎందుకు తీస్తారో చెప్పాలి. పెద్ద నక్షత్రాలు కొన్ని ముసలివై చచ్చిపోయేటప్పుడు పేలిపోతాయి. అప్పుడు ఒక్కటే నక్షత్రం గెలాక్సీ అంతటికీ సమానంగా వెలిగి, కొన్నాళ్ళకు ఆరిపోతుంది. ఎక్కడ, ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు. అందుకని అవే గెలాక్సీలను మళ్ళీ మళ్ళీ ఫోటో తీసి, నిన్న లేని చుక్క ఇవాళ ఉందేమోనని వెతకాలి. మొదట ఎవరు చూసి లోకానికి చెబితే, ప్రపంచ పట్టికలో ఆ నక్షత్రం పక్కన వాళ్ళ పేరు ఉంటుంది. మేడం పదేళ్ళకు పైగా వెతుకుతున్నారు. ఒకసారి మబ్బు పట్టి పోయింది. ఒకసారి కరెంటు పోయింది. ఇంకోసారి ఎవరో ఒక్కరోజు ముందు చెప్పేశారు. ఆ రోజుల్లో ఆవిడతో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

ఒక పొద్దున నేను ఆఫీసు తాళం తీసేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నా, ముఖం మాత్రం పెళ్ళివారింటి గుమ్మంలా కళకళలాడుతోంది. రెండు ఫోటోలు నా టేబుల్ మీద పరిచారు.

“సార్, ఇది మొన్నటిది. ఇది రాత్రిది. ఈడ జూడండి.”

చూశాను. మొదటిదాంట్లో పొగలాంటి చిన్న సుడి ఉంది. రెండోదాంట్లో అదే సుడి, దాని అంచున తెల్లటి చుక్క.

“ఇంగా ఎవరూ చెప్పలేదు సార్. నేను పట్టికంతా వెతికినా. భూమ్మీద ఈ చుక్క చూసింది నేనొక్కదాన్నే.” ఒక క్షణం ఆగి, “ఇప్పుడు మీరు గూడా,” అన్నారు.

నాకు ఒళ్ళు పులకరించింది. ఫైళ్ళ మధ్య బతికినవాడికి అలాంటి మాట ఎవరూ చెప్పరు.

ఇద్దరం డైరెక్టరు గారి గదికి వెళ్ళాం. ఆ వెలుగు మూడు కోట్ల సంవత్సరాలు ప్రయాణించి ఇప్పుడు మన దాకా వచ్చిందని మేడం చెప్పారు. ఆయన నిజంగానే సంతోషించారు. కుర్చీలోంచి లేచి మేడంకు దండం పెట్టారు. అంతలోనే ఆయనకు సర్క్యులర్ గుర్తొచ్చింది. యాప్ పోల్చి చూసి ధ్రువపత్రం ఇచ్చేదాకా ప్రభుత్వ ఆస్తి ఫోటో ఏదీ బయటికి పోకూడదు. పంపినవాళ్ళను సస్పెండు చేస్తారు.

“సాయంత్రానికి వచ్చేస్తాది లేమ్మా. నేను ఇప్పుడే నిలబడతా.”

“సార్, ఇది సాయంత్రం దాకా ఆగే పని కాదు సార్. ఇంకోచోట చీకటి పడతానే ఇంకొకరు చూస్తారు.”

“మూడు కోట్ల సంవత్సరాలు ఆగిందంటివి గదమ్మా ఆ వెలుగు. ఒక్క పూట ఆగలేదా?”

తెర కట్టాం. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఫోటో యాప్‌లో పెట్టాం. ధ్రువపత్రం రాలేదు. నోటీసు వచ్చింది.

‘గుర్తు తెలియని ఆక్రమణదారునకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, పైన పేర్కొన్న ప్రభుత్వ గెలాక్సీ యందు నైరుతి భాగమున ఎట్టి అనుమతియు లేకుండా ప్రకాశవంతమైన కట్టడమును నిర్మించియున్నట్లు రుజువైనది. సదరు కట్టడమును గడువులోగా స్వంత ఖర్చులతో తొలగించవలెను. లేనిపక్షమున ప్రభుత్వమే కూల్చివేసి, అట్టి ఖర్చులను తమ వద్దనుండి రాబట్టగలదు.’

మర్నాడే ఆస్తుల పరిరక్షణ జాయింట్ కమిషనరు కామేశం గారు స్వయంగా కొండెక్కి వచ్చారు. నిలువుగీతల సఫారీ వేసుకున్న మనిషి. ఏ మాటన్నా తీర్మానం చదివినట్టే అంటారు. వెంట ఒక సర్వేయరు, గొలుసు, జిగురు బకెట్టు.

“డాక్టరమ్మ గారూ, ప్రభుత్వం ఖగోళ శాస్త్రానికి వ్యతిరేకం కాదు. అక్రమ కట్టడాలకు మాత్రమే వ్యతిరేకం. ఈ తేడా మీరు గమనించాలి.”

“సార్, అది కట్టడం కాదు. ఒక నక్షత్రం పేలిపోయింది. కట్టింది కాదు సార్, కూలింది.”

“కూలితే పాత ఫోటోలో ఉండి, కొత్త ఫోటోలో లేకుండా పోవాలి కదండీ. ఇక్కడ పాతదాంట్లో లేదు, కొత్తదాంట్లో ఉంది. యాప్ వివేచనలో లోపమేమీ నాకు కనబడట్లేదు.”

“చచ్చిపోయేటప్పుడే అది అంత వెలుగుతుంది సార్.”

“ఘటన ఎప్పుడు జరిగింది?”

“మూడు కోట్ల సంవత్సరాల కిందట. ఆ వెలుగు ఇప్పుడు మన దాకా వచ్చింది.”

కామేశం గారు పెన్ను తీశారు. “అంటే మూడు కోట్ల సంవత్సరాలుగా అనుమతి లేకుండా కొనసాగుతోందన్నమాట. ఇన్నాళ్ళూ రిపోర్టు చేయకపోవడానికి సంజాయిషీ ఎవరిస్తారు?”

ఓబుళరెడ్డి గారు చేతులు జోడించారు. “నేనొచ్చి నాలుగేండ్లే అయింది సార్!”

మేడం చివరి ప్రయత్నంగా బతిమాలారు. ఒక్క మాట, ఒకే ఒక్క వాక్యం లోకానికి పంపనివ్వమన్నారు. “విచారణలో ఉన్న కట్టడం గురించి బహిరంగ ప్రకటన చేస్తే ఆక్రమణదారుకు కోర్టులో మేలు జరుగుతుంది,” అన్నారు కామేశం గారు. ఆయన ముఖంలో దురుద్దేశం ఏ కోశానా లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

తర్వాత నోటీసు అంటించడం. నిబంధన ప్రకారం నోటీసును అక్రమ కట్టడం గోడకే అంటించాలి. అక్కడికి చేరలేకపోతే, దానికి అతి దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆస్తి మీద, అందరికీ కనబడేలా అంటించాలి. సర్వేయరు గొలుసు పట్టుకుని ఆవరణంతా కొలిచాడు. గుండు పైభాగం ఎత్తే గానీ, నున్నగా ఉండడం వల్ల కాగితం జారిపోతోంది. ఆ తర్వాత ఎత్తయినది దుర్భిణి మూతి. అది నక్షత్రం వైపే తిరిగి ఉంది కూడా. “ఇంతకన్నా అనువైన స్థలం దొరకదు,” అన్నారు కామేశం గారు.

మేడం నిచ్చెనకు అడ్డం నిలబడ్డారు. “దానికి అది కన్ను సార్! కన్ను మీద కాగితం ఎవరన్నా అంటిస్తారా?”

“తాత్కాలికమేనమ్మా. గడువు తీరేదాకానే.”

దుర్భిణి మూతికి అడ్డంగా బట్ట కట్టి, దాని మీద మైదా జిగురుతో నోటీసు అంటించారు. పంచనామా రాశారు. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ప్రభుత్వ నోటీసును చించడం శిక్షార్హమని కింద ఎర్రక్షరాలతో రాసిపోయారు.

రెండు రోజుల తర్వాత ఎక్కడో దూరదేశంలో, పెరట్లో చిన్న దుర్భిణి పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఆ చుక్కను చూసి లోకానికి చెప్పాడు. ప్రపంచ పట్టికలో ఆయన పేరు ఎక్కింది. ఎక్కడెక్కడి దుర్భిణులూ అటు తిరిగాయి. రంగురంగుల ఫోటోలు పేపర్లలో వచ్చాయి. దాన్ని అందరికన్నా ముందు చూసిన దుర్భిణి మాత్రం మూతికి గుడ్డ కట్టుకుని కరికొండ మీద కూర్చుంది. మేడం రోజూ ఆఫీసుకు వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, గుండులోకి వెళ్ళి తలుపేసుకునేవారు. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళితే, ఆవిడ దుర్భిణి కింద చాప మీద కూర్చుని ఆ గుడ్డ వైపే చూస్తున్నారు. గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం గడువు పొడిగింపు ఉత్తరం నేనే టైపు చేశాను, అది నా ఉద్యోగం.

గడువు, దాని పొడిగింపు, ఆ పొడిగింపు మీద పొడిగింపు అన్నీ తీరాక గుడ్డ విప్పారు. మేడం ఫోటో తీశారు. డైరెక్టరు గారు తెర పక్కన నిలబడ్డారు. చుక్క లేదు. నక్షత్రం తన దారిన తాను ఆరిపోయింది.

‘ఆక్రమణ తొలగించబడినది’ అని యాప్ పచ్చటి గుర్తు పెట్టింది.

రాజధానిలో సంబరమే జరిగింది. రాష్ట్రంలో వేల కొద్దీ నోటీసులు పంపితే, బుల్డోజరు లేకుండా, పోలీసులు లేకుండా, కోర్టు స్టే లేకుండా, కాగితానికి గౌరవమిచ్చి తనంతట తాను ఖాళీ చేసిన ఆక్రమణదారు ఇతనొక్కడే. కామేశం గారికి ఉత్తమ అధికారి అవార్డు వచ్చింది. ఫైలు మూయడానికి ముందు మాకు ఒక ప్రశ్న వచ్చింది: కూల్చిన శిథిలాలను ఎక్కడికి తరలించారు?

దీనికి జవాబు మేడం నన్ను రాయనివ్వలేదు, తామే రాశారు. ‘ఇటువంటి నక్షత్రాల శిథిలాలు ఆకాశమంతా చెదిరిపోతాయి. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట పేలిన వాటి శిథిలాల నుంచే ఈ భూమి తయారైంది. మన రక్తంలో ఉన్న ఇనుము వాటిదే.’ ఆ వాక్యాలు చదివి నేను చాలాసేపు నా చేతుల వైపు చూసుకున్నాను. రాజధానివాళ్ళు కూడా చదివారు. ‘శిథిలాలు సిబ్బంది శరీరములలో భద్రముగా ఉన్నట్లు నమోదు చేసుకోవడమైనది. సిబ్బంది పదవీ విరమణ సమయమున వాటిని తదుపరి వారికి అప్పగించి, రసీదు పొందవలెను’ అని ఆర్డరు వచ్చింది. ఆ సాయంత్రం ఓబుళరెడ్డి గారు నా దగ్గరకొచ్చి, “రిటైర్మెంటు ఫైలు ఇంగ కొన్నాళ్ళు కదిలించొద్దప్పా,” అని మెల్లగా చెప్పిపోయారు.

మూసిన ఫైలు నకలు మాకూ వచ్చింది. అందులో ఒక గడి ఉంది: ‘ఆక్రమణను మొట్టమొదట గుర్తించినవారు.’ దాని ఎదురుగా మేడం పూర్తి పేరు, హోదా, తేదీ స్పష్టంగా ఉన్నాయి.

ఆవిడ ఆ పేజీని చేత్తో నిమిరారు. “పదేండ్లు సార్,” అన్నారు. “పట్టికలో వేరే ఆయన పేరుంది. నా పేరు ఈడుంది.” నవ్వబోయారు గానీ, నవ్వు రాలేదు. అంతలో ఆవిడ చూపు పేజీ అడుగున ఆగిపోయింది. “రంగధామం సార్, ఇదేంది?”

అది పథకం రెండో భాగం ప్రకటన. ‘ఆస్తి మనది, ఫిర్యాదు మనది.’ అక్రమ కట్టడం చూసిన ఏ పౌరుడైనా ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చు. ఫోటో జతపరచడం తప్పనిసరి. ఫిర్యాదు అందిన నిమిషంలోనే తేదీ, సమయంతో రసీదు వస్తుంది. పారదర్శకత కోసం ప్రతి ఫిర్యాదునూ ప్రపంచమంతా చూడవచ్చు.

ఆవిడ రెండుసార్లు చదివారు. నేనూ చదివాను. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తెలిసి, మా దగ్గర ఏ పనికైనా అనుమతి రావాలంటే నెలలు పడుతుంది. ఒకరి మీద ఫిర్యాదుకు మాత్రం రసీదు వెంటనే ఇస్తారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున మేడం మళ్ళీ మెట్ల మీద కనిపించారు. చేతిలో రెండు ఫోటోలు. నేను తాళం తీస్తుండగానే అడిగారు.

“సార్, ఫిర్యాదులో భాష ఎట్లుండల్ల?”

“కాస్త కోపంగా ఉండాలమ్మా. లేకపోతే నమ్మరు.”

కూర్చుని రాశాం. ‘అయ్యా, ఫలానా గెలాక్సీ యందు ఈశాన్య భాగమున రాత్రికి రాత్రే ఒక వ్యక్తి అత్యంత ప్రకాశవంతమైన కట్టడమును లేపినాడు. చుట్టుపక్కల నక్షత్రములకు తీవ్ర అసౌకర్యముగా ఉన్నది. సదరు కట్టడము యొక్క ఖచ్చితమైన స్థానము, వెలుగు కొలతలు, ఫోటో జతపరచడమైనది. తక్షణ చర్యలు కోరుతూ, పౌరురాలు, షమీమున్నిసా.’

మీట నొక్కగానే రసీదు వచ్చింది. ఆ రసీదు లంకెను ఆవిడ ప్రపంచ పట్టికవాళ్ళకు పంపారు. ఫోటోను బయట పెట్టింది ప్రభుత్వమే గనక సస్పెన్షన్ ఎవరికీ లేదు. మర్నాటికి పట్టికలో కొత్త నక్షత్రం ఎక్కింది. కనుగొన్నవారు: షమీమున్నిసా, కరికొండ. ఆధారం: అక్రమ కట్టడంపై పౌర ఫిర్యాదు. ఓబుళరెడ్డి గారు ఆ పేజీని ఫ్రేము కట్టించి మీటింగు హాల్లో పెట్టారు. మేడం దాని ముందు నిలబడి ఏడ్చారు. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోవలసిన పనేమీ లేదు.

కామేశం గారు ఫోను చేశారు. ఫిర్యాదు పరిశీలనలో నిజమని తేలిందట. నోటీసు అంటించడానికి రేపు పొద్దున బయల్దేరుతున్నారట. నిచ్చెన, మైదాపిండి సిద్ధంగా ఉంచమన్నారు.

ఉంచాం. షెడ్డు వెనక పడి ఉన్న పాత సిమెంటు తూమును కూడా మేడం, నేను కలిసి ఆఫీసు మిద్దె మీదికి ఎక్కించి, తెల్ల సున్నం వేసి, మూతి ఆకాశం వైపు పెట్టి, దుర్భిణి కన్నా ఎత్తుగా నిలబెట్టాం. నిబంధనల ప్రకారం మా ఆవరణలో ఇప్పుడు నక్షత్రానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ప్రభుత్వ ఆస్తి అదే.